పేరొస్తుందిగా, డబ్బెందుకు?

“చిన్న బొమ్మే కదమ్మా, కాస్త గీసి పెట్టు.” బొమ్మలు వెయ్యడం వచ్చిన ఏ ఆడపిల్లా ఈ మాట వినకుండా పెరిగి ఉండదు. సంక్రాంతికి వీధిలో నలుగురి గుమ్మాల ముందూ ముగ్గులు ఆ పిల్లే వెయ్యాలి. పెళ్ళిలో అడ్డుతెర మీద స్వస్తిక్ ఆ పిల్లే దిద్దాలి. పక్కింటి బుడ్డాడి స్కూలు చార్టులు సరేసరి. దీనికి నేను వంక పెట్టను. ముగ్గేసి ఎవరూ కూలి అడగరు. కానీ ఆ పిల్ల వేసిన బొమ్మ ఒక కొట్టు బోర్డెక్కి, సంచీలెక్కి, బట్టల మీద చీటీ అయి, ఎవరికో వ్యాపారం చేసిపెడుతున్నప్పుడు కూడా మనం దాన్ని ముగ్గు ఖాతాలోనే రాసేస్తున్నాం. అక్కడే నాకు పేచీ.

మా అక్క కూతురు హైదరాబాదులో ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది, మూడో సంవత్సరం. వాళ్ళ శాఖని అప్లయిడ్ ఆర్ట్ అంటారు. గ్రాఫిక్ డిజైన్ అంటే త్వరగా అర్థమవుతుంది. సబ్బు పెట్టె మీది అక్షరాల దగ్గర్నుంచి పుస్తకం అట్ట, సినిమా పోస్టరు, బ్యాంకు గుర్తు దాకా, చూసిన కంటికి విషయం చటుక్కున అందేలా దిద్దే పని. మనకిది మరీ కొత్తేమీ కాదు. బాపుగారి చేతిరాత ఇవాళ కంప్యూటర్లో ఫాంటుగా ఉంది. ఏ శుభలేఖ మీదో ఆ వంపులు కనపడగానే “బాపు అక్షరాలు” అనేస్తాం. చూడగానే ఫలానా వాళ్ళదని గుర్తుపట్టించే ఆ గుణాన్నే ఇప్పటి పిల్లలు బ్రాండింగ్ అంటున్నారు.

కిందటేడు మా బావగారికి వరసకి చెల్లెలయ్యే ఒకావిడ గుంటూరులో బొటిక్ తెరిచింది. పోచంపల్లి, మంగళగిరి చీరలు, వాటి మీదకి కుట్టి సిద్ధంగా ఉంచిన జాకెట్లు. కొట్టు పేరు చెప్పను, చుట్టరికం. మా అక్క కూతుర్ని పిలిచి, కొట్టుకి ఒక గుర్తు కావాలంది. “నీకు ప్రాక్టీసు అవుతుంది, నాకు పని జరుగుతుంది” అంది. పిల్ల సంబరపడి ఒప్పుకుంది.

లోగో అంటే కంప్యూటర్లో పది నిమిషాల పని అని నేనూ చాలామంది లాగే విన్నాను. సెలవులకి తెనాలి వచ్చి మా ఇంట్లో పది రోజులుంది కాబట్టి దగ్గర కూర్చుని చూశాను. ముందసలు కంప్యూటరే తెరవలేదు. అప్పటికే ఒకసారి పోచంపల్లి వెళ్ళొచ్చింది. అక్కడ ఆసు పొయ్యడం చూసింది. అర్ధచంద్రాకారంలో మేకులుంటాయి, మధ్యలో ఒక మేకు. ఆ మధ్య మేకు నుంచి అంచు మేకులకి, మళ్ళీ వెనక్కి, దారం పోస్తూనే ఉండాలి. ఒక్క చీరకి చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. ఎక్కువగా ఆడవాళ్ళే చేసేవారు. తల్లి లక్ష్మి భుజం నొప్పితో పడే బాధ చూడలేకే చింతకింది మల్లేశం ఏళ్ళ తరబడి కుస్తీ పట్టి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రమని. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. వేల గంటలు దారం పోసిన ఒక ఆడమనిషి పేరు ఒక వస్తువు మీదకెక్కడం ఎంత అరుదో కదా అనిపిస్తుంది నాకు.

ఆ అర్ధచంద్రం, దాని మీద విసనకర్రలా విచ్చుకున్న దారాలు. అదే మా పిల్ల ఎంచుకున్న బొమ్మ. మొదట పదమూడు గీతలు పెట్టింది. కాగితం మీద ముచ్చటగా ఉంది. జాకెట్టు మెడ లోపల కుట్టే అంగుళం శాటిన్ రిబ్బను మీద నేయించి చూస్తే గీతలన్నీ కలిసిపోయి ముద్దయింది. పదకొండు చేసింది, తొమ్మిది చేసింది, చివరికి ఏడు దగ్గర ఆగింది. కింద కొట్టు పేరు తెలుగులో. అదింకో తంటా. మన అక్షరాలకి పైన తలకట్టు, కింద వత్తు. ఇంగ్లీషు అక్షరాల్లా ఒక వరసలో కుదురుగా కూర్చోవు. చిన్నగా నేసినప్పుడు వత్తు పూడుకుపోయి మచ్చలా కనిపిస్తుంది. అందుకని వత్తుని కాస్త పక్కకి లాగి, లోపలి ఖాళీ పెంచి, ఒక్కో అక్షరం మళ్ళీ మళ్ళీ గీసింది. “పిన్నీ, ఇది రబ్బరు స్టాంపు మీదా ఉండాలి, ఫోన్లో వేలి గోరంత సైజులోనూ ఉండాలి, రోడ్డు అవతల నుంచి బస్సులో వెళ్ళేవాళ్ళకీ కనపడాలి. రంగు తీసేసినా గుర్తుపట్టాలి” అంది. మూడు వారాలు పట్టింది. పారేసిన కాగితాలు నేనే ఊడ్చాను కాబట్టి లెక్క నాకు తెలుసు.

“ఇప్పుడు ఏఐ వచ్చిందిగా, ఒక్క మాట చెబితే వంద లోగోలు వస్తాయి” అంటున్నారు. వస్తాయి. మా అబ్బాయి నా ముందే తెప్పించాడు, చూడ్డానికి బాగానే ఉన్నాయి. వాటిలో ఏది నేత రిబ్బను మీద ముద్దవుతుందో, మెడ వెనక చీటీ ఎంత మందమైతే గుచ్చుకుంటుందో ఆ వందా చెప్పలేదు. ఆ మాట చెప్పడానికి జాకెట్టు తొడుక్కున్న అనుభవం కావాలి.

సరే, కొట్టు తెరిచారు. ప్రారంభోత్సవానికి నేనూ వెళ్ళాను. బోర్డు మీద ఏడు దారాల ఆసు వెలిగిపోతోంది. సంచుల మీద, చీటీల మీద, బిల్లు పుస్తకం మీద అదే. బోర్డు చేసినాయనకి చదరపడుగు లెక్కన డబ్బిచ్చారు. సంచులు అచ్చేసినాయనకి ఇచ్చారు. మగ్గం వర్కు చేసే అమ్మాయికి, కుట్టే టైలరుకి, రిబ్బన్లు బస్సులో వేసిన పార్సెలు వాళ్ళకి, అందరికీ ఇచ్చారు. ఆ బొమ్మ వేసిన పిల్లకి ఒక చీర, కిలో కాజాలు. “అందరూ అడుగుతున్నారే, నీకెంత పేరొస్తోందో!” అంది ఆవిడ.

ఆ పేరు ఎక్కడొచ్చిందా అని నేను వెతికాను. బోర్డు మీద లేదు, చీటీ వెనక లేదు, ఫోన్లో వాళ్ళు పెట్టే ఫొటోల కిందా లేదు. అడిగినవాళ్ళకి “మా మేనకోడలు సరదాగా వేసింది” అని చెబుతోందట. నన్నడిగితే పేరు కన్నా ఆ ‘సరదాగా’ అన్న మాటే ఎక్కువ గుచ్చుకుంటుంది.

మా అక్కని ఊరికే తప్పుపట్టలేను. ఆవిడ వరసకి ఆడపడుచు. ఆడపడుచుని డబ్బడిగితే ఆ కథ ఎన్ని శుభకార్యాల దాకా నడుస్తుందో మనకందరికీ తెలుసు. “మనవాళ్ళ దగ్గరేమిటే, ఛ” అనేసింది. పిల్ల నోరు మూసుకుంది. కానీ ఒక్కటి ఆలోచించండి. అదే పని మా అక్క కొడుకు చేసి ఉంటే? కంప్యూటరు బాగుచేసినా, వైరింగు చేసినా “కుర్రాడికి పెట్రోలు ఖర్చులకైనా ఇవ్వాలిగా” అనేది ఆవిడే.

ఈ సందర్భంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది అమెరికాలో ఒకావిడ, కెరొలిన్ డేవిడ్సన్. 1971లో ఆవిడ పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో డిజైన్ విద్యార్థిని. అక్కడే ఫిల్ నైట్ అనే ఆయన అకౌంటింగు పాఠాలు చెబుతూ, పక్కన జపాన్ నుంచి ఆటల బూట్లు తెప్పించి అమ్మే వ్యాపారం చేస్తున్నాడు. ఆయిల్ పెయింట్లు కొనడానికి డబ్బు లేదని ఆవిడ ఎవరితోనో అంటుంటే వరండాలో ఆయన చెవిన పడింది. గంటకి 2 డాలర్ల లెక్కన చిన్న చిన్న పనులు ఇచ్చాడు. తర్వాత సొంత బూట్లకి పక్కన ఒక గుర్తు కావాలన్నాడు. కదలిక కనిపించాలి, అడిడాస్ వాళ్ళ చారల్లా ఉండకూడదు. ఆవిడ బూటు బొమ్మ మీద పల్చటి కాగితం పరిచి గీసి గీసి కొన్ని చూపించింది. ఆయనకేదీ మనసుకి పట్టలేదు. తొందర్లో ఉన్నాడు కనక ఒకటి తీసుకున్నాడు, చూడగా చూడగా నచ్చుతుందేమోలే అని. పదిహేడున్నర గంటలకి ఆవిడ బిల్లు 35 డాలర్లు. అదే నైకీ బూట్ల మీద మనం రోజూ చూసే ఆ టిక్కు గుర్తు.

ఈ కథని అందరూ “పాపం 35 డాలర్లే” అని ముగిస్తారు. నాకు ఇందులో నచ్చే సంగతి వేరు. ఆ విద్యార్థిని గంటలు రాసుకుంది, బిల్లు వేసింది. తక్కువో ఎక్కువో, అది పని అని రెండు వైపులా ఒప్పుకున్నారు. ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు ఆ కంపెనీకి పనులు చేసింది. 1983లో కంపెనీ ఆవిడని విందుకి పిలిచి ఆ గుర్తు ఆకారంలో వజ్రం పొదిగిన ఉంగరమూ, 500 వాటాలూ ఇచ్చింది. ఇవ్వాలని చట్టమేమీ లేదు. అడక్కుండానే ఇచ్చారు. మా బొటిక్ ఆవిడ నుంచి నేను ఉంగరం అడగట్లేదు. మూడు వారాల కూలి అడుగుతున్నాను.

మన దగ్గరా ఉంది ఉదాహరణ. రూపాయికి గుర్తు కావాలని కేంద్ర ప్రభుత్వం పోటీ పెడితే, 2010 జూలైలో ఎంపికైన బొమ్మ డి. ఉదయకుమార్‌ది. అప్పటికాయన ఐఐటీ బొంబాయిలో డిజైన్‌లో పరిశోధక విద్యార్థి. బహుమతి రెండున్నర లక్షలు. ఆ గుర్తు మన జేబులో నోటు మీద, కిరాణా చీటీ మీద, ఫోన్ మీటల మీద చేరిపోయింది. వేసిందెవరంటే ఉద్యోగ పరీక్షలు రాసే పిల్లలు ఠక్కున చెబుతారు. బహుమతి ఎంతో ముందే చెప్పి, తర్వాత పేరు చాటారు. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం రాలేదు.

అమ్మలకి చట్టం సంగతి ఒకటి రెండు ముక్కలు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం బొమ్మ వేసినవాళ్ళకి హక్కు దానంతటదే వస్తుంది, రిజిస్టరు చేయించుకోవాలన్న నియమం లేదు. ఉద్యోగంలో భాగంగా వేస్తే మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, అది యజమానిది. ఆ హక్కు ఇంకొకరికి బదిలీ చెయ్యాలంటే కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. నోటిమాట బదిలీ చెల్లదు. ఎన్నేళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకి ఇచ్చినట్టు, ఎక్కడెక్కడో రాయకపోతే మన దేశం వరకు ఇచ్చినట్టు లెక్క. అన్నీ అమ్మేసుకున్నా “ఇది వేసింది నేనే” అని చెప్పుకునే హక్కు మిగిలే ఉంటుంది. ఇది నేను మా పిల్లకి చదివి వినిపిస్తే “మాకు కాలేజీలో ఒక క్లాసు చెప్పారు పిన్నీ, కానీ అత్తయ్యకి ఎలా చెప్పను?” అంది. అత్తయ్యల గురించి ఏ చట్టంలోనూ లేదు మరి.

ఇంతలో కాలేజీలో ఇంకో పని ఇచ్చారు. ‘మిమ్మల్ని మీరే బ్రాండుగా తయారు చేసుకోండి’ అని. పర్సనల్ బ్రాండింగ్ అంటారు. సొంత గుర్తు, విజిటింగ్ కార్డు, చేసిన పనులన్నీ చూపించే పోర్ట్‌ఫోలియో. ఈ ‘మీరే ఒక బ్రాండు’ అన్న మాటని 1997లో టామ్ పీటర్స్ అనే అమెరికా మేనేజిమెంటు రచయిత ఒక పత్రికలో రాసి ఊరూవాడా ఎక్కించాడు. ఇంగ్లీషులో బ్రాండు అంటే అసలర్థం కాల్చి వేసే వాత, పశువు ఎవరిదో తెలియడానికి. మన దగ్గరా అచ్చోసి వదిలిన ఆంబోతు ఉండేది. అచ్చు ఎటూ తప్పనప్పుడు ఆ కాల్చే కర్ర ఎవరి చేతిలో ఉందో చూసుకోవద్దూ?

నేనిలా అనడానికి కారణం ఉంది. అదే బొటిక్ ఆవిడ తర్వాత ఫోను చేసి, “చీరలు నువ్వే కట్టుకుని ఫొటోలు దిగు, తెల్లగా చక్కగా ఉంటావు, నీకూ బ్రాండింగ్ అవుతుంది” అందట. చేతి పని ఉచితం, ఇప్పుడు మొహం కూడా ఉచితం. పైగా తెలుపు ఒక అర్హత! మోడలింగు తప్పని నేననను. అది వృత్తి, దానికి గంటకింత అని రేటుంది. కానీ ఆడపిల్ల ఏ పని నేర్చినా చివరికి మొహం చూపించమనే చోటుకి తీసుకొస్తారెందుకు? వాళ్ళ క్లాసు మగపిల్లాడి పోర్ట్‌ఫోలియోలో లోగోలు చూస్తారు, ఈ పిల్ల పోర్ట్‌ఫోలియోలో ముందు ఫొటో చూస్తారు. ఈసారి పిల్ల ‘కుదరదత్తయ్యా’ అంది. మా అక్క కూడా ఏమీ అనలేదు.

పేరు అమ్ముకోవడంలో ఇంకా పెద్ద గొయ్యి ఒకటుంది. హాల్‌స్టన్ అని అమెరికాలో పేరుమోసిన ఫ్యాషన్ డిజైనర్ ఉండేవాడు. 1961లో జాక్వెలిన్ కెనెడీ పెట్టుకున్న గుండ్రటి టోపీ ఆయనదే. 1973లో తన కంపెనీతో పాటు తన పేరు కూడా ఒక పెద్ద సంస్థకి అమ్మేశాడు. డబ్బు బాగానే ముట్టింది. తర్వాత కంపెనీ చేతులు మారింది. 1980ల మధ్యకి వచ్చేసరికి తన పేరు మీద తాను బట్టలు డిజైన్ చేసే వీలు కూడా ఆయనకి లేకపోయింది. 1990లో పోయాడు, పేరు మాత్రం ఇంకొకరి సొత్తుగానే మిగిలింది. అందుకే మా పిల్లకి చెప్పాను, నీ కార్డు మీద నీ పేరు వేసుకో, కొట్టుకి మాత్రం వేరే పేరు పెట్టు అని.

ఆ కార్డు మీద ఏ పేరు వెయ్యాలన్నదీ చిన్న విషయం కాదు. ఇంటిపేరు పెట్టుకుంటే రేపు పెళ్ళయ్యాక మారుస్తారేమో. ఇనీషియల్ పెడితే నాన్నగారి తరపు వాళ్ళకి సంతోషం. ఈ గొడవ కథలు రాసే ఆడవాళ్ళకి బాగా తెలుసు. నేను మొదటి కథ పంపినప్పటికి నాకు పెళ్ళై రెండేళ్ళు. కవరు మీద పుట్టింటి పేరా, అత్తింటి పేరా అని అరగంట ఆలోచించి రెండూ వదిలేసి ఒట్టి పేరు రాశాను. మావారు పత్రిక చూసి “ఇదెవరో అనుకున్నా” అన్నారు నవ్వుతూ. ఇన్నేళ్ళలో ఆ పేరు మార్చలేదు. మా పిల్లా ఒట్టి పేరే ఎంచుకుంది, తెలుగు అక్షరాల్లో, తనే గీసుకున్న వత్తుతో.

ఇంకొక్క సంగతి చెప్పాలి. ఆ బొటిక్ చీరలకి వేలాడే చీటీ కూడా మా పిల్లే చేసింది. దాని వెనక వైపు ‘నేసినవారు’ అని రాసి ఒక గీత ఖాళీగా వదిలింది, నేతగాళ్ళ పేరు రాయడానికి. అచ్చయి వచ్చిన చీటీలో ఆ గీత లేదు. “పేరు రాస్తే జనం నేరుగా వాళ్ళ దగ్గరికే పోరూ?” అందట ఆవిడ. వ్యాపారి భయం వ్యాపారిది, కాదనను. చీర చేనేతదేనని చెప్పడానికి 2006లో హ్యాండ్లూమ్ మార్కు వచ్చింది, 2015లో ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండు వచ్చింది. పోచంపల్లి ఇక్కత్‌కి భౌగోళిక గుర్తింపూ ఉంది. ఊరికి పేరుంది, కొట్టుకి పేరుంది. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషికి, పక్కన ఆసు పోసిన ఆవిడకి ఒక గీత అంత చోటు దొరకలేదు. ఫ్యాషన్ అనే పెద్ద భవనంలో కిందున్న మెట్లెవరివో కనపడకుండా తివాచీ పరచడమే బ్రాండింగ్ అయితే, అది నేర్పడానికి నాలుగేళ్ళ కాలేజీ అక్కర్లేదు.

ఈ మధ్య మా వీధిలో మగ్గం వర్కు చేసే ఒకావిడకి కార్డు, చిన్న బోర్డు కావాల్సి వచ్చింది. ఇదివరకు వాళ్ళ గుమ్మానికి కొడుకు పేరు మీద ‘లేడీస్ టైలర్స్’ అని ఉండేది. కొడుకు బెంగుళూరులో ఉద్యోగం, సూది ముట్టుకున్న పాపాన పోలేదు. మా పిల్లని అడిగితే ఈసారి పని మొదలుపెట్టకముందే ఒక కాగితం రాసింది. ఏమేం చేస్తుందో, ఎన్నిసార్లు మారుస్తుందో, మొత్తం మూడు వేలు, సగం ముందు, కార్డు వెనక చిన్న అక్షరాల్లో తన పేరు. ఆవిడ చదివించుకుని విని, బీరువాలోంచి పదిహేను వందలు తెచ్చి లెక్కపెట్టి ఇచ్చింది. “నేను బుట్ట చేతులకి అడ్వాన్సు తీసుకోనూ?” అంది. బోర్డు మీద ఎవరి పేరని అడిగితే మాత్రం రెండు రోజులు గడువు అడిగింది. మూడో రోజు తన పేరే వెయ్యమంది.

అదే ఊపులో పిల్ల గుంటూరు అత్తయ్యకి కూడా ఒక బిల్లు పంపింది. గంటలు లెక్కేసి, చీర ఖరీదు తగ్గించి, మర్యాదగా. దాంతో పాటు చీటీ వెనక గీత మళ్ళీ వెయ్యడానికి తాను డబ్బు తీసుకోనని కూడా రాసింది. నెల దాటింది, జవాబు రాలేదు. వచ్చే మాఘంలో వాళ్ళింట్లో పెళ్ళి. ఆడపడుచు ఎదురుపడితే ఏం మాట్లాడాలా అని మా అక్క ఇప్పట్నుంచే ఆలోచిస్తోంది. ‘బిల్లు అందిందా వదినా’ అని అడిగేయమన్నాను నేను.